ఇంటి గడప – ఆటల మైదానం

ఉద్దేశం

ఇంటర్మీడియట్ దశలో క్రీడలు విద్యార్థి దేహాన్నీ, మనస్సునూ, నడవడినీ తీర్చిదిద్దే తీరును వివరించడం. ఆ సాధనకు కళాశాల, కన్నవారు అందించవలసిన తోడ్పాటు ఎటువంటిదో తెలుగునాట పుట్టి పెరిగిన క్రీడాకారుల జీవితాల ఆధారంగా తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మహాభారతం ఆదిపర్వంలో కురుకుమారుల అస్త్రవిద్యాప్రదర్శన ఘట్టం ప్రసిద్ధమైనది. ద్రోణాచార్యుడు విశాలమైన రంగస్థలాన్ని సిద్ధం చేయించాడు. శిష్యులు ఒక్కొక్కరే వచ్చి తాము నేర్చిన విద్యను పురజనుల ఎదుట ప్రదర్శించారు. ఆ ఘట్టంలో వీరుల విన్యాసాలతో పాటు గమనింపదగిన విషయం మరొకటి ఉన్నది. ప్రేక్షకులలో తల్లిదండ్రులు కూర్చొని ఉన్నారు. చూపులేని ధృతరాష్ట్రునికి విదురుడు, కన్నులకు గంత కట్టుకొన్న గాంధారికి కుంతి, కుమారుల కౌశలాన్ని మాటలలో వినిపించారు. చూడలేకపోయినా వారు రంగానికి రావడం మానలేదు. ఇంతలో కర్ణుడు ప్రవేశించాడు. అతడు తన బిడ్డ అని గుర్తించిన కుంతి మూర్ఛిల్లినదే కాని, ఆ మాట నలుగురిలో చెప్పలేకపోయింది. కులగోత్రాలు అడిగినప్పుడు కర్ణుడు సిగ్గుతో తల వంచుకొన్నాడు. అంగరాజ్యాభిషేకం ముగిసిన పిదప, అతనిని పెంచిన సూతుడు అధిరథుడు చెమట క్రమ్మిన దేహంతో, చేతికర్ర ఊతగా, పైవస్త్రం జారిపోతుండగా రంగంలోకి వచ్చాడు. కర్ణుడు విల్లు విడిచి, అభిషేకజలంతో తడిసిన శిరస్సును వంచి ఆయనకు మ్రొక్కాడు.

కన్నతల్లి మౌనం ఒకవైపు, పెంచిన తండ్రి రాక మరొకవైపు. విద్య ఎంత గొప్పదైనా, దానిని ప్రదర్శించే వేళ తనవారు వచ్చి నిలిచారా లేదా అన్నది యువకుని మనస్సులో చెరగని ముద్ర వేస్తుంది. కళాశాల మైదానంలో పరుగు పందేనికి సిద్ధమవుతున్న నేటి విద్యార్థి చూపులు కూడా గీత దగ్గర నిలుచున్న క్షణంలో జనం మధ్య ఒక ముఖం కోసమే వెదకుతాయి.

పూర్వం మన పల్లెలలో ఆట ప్రత్యేకంగా నేర్పవలసిన విషయంగా ఉండేది కాదు. చెడుగుడు, బిళ్ళంగోడు, కోతికొమ్మచ్చి, తొక్కుడుబిళ్ళ వంటి ఆటలను పిల్లలు వీథులలోనే నేర్చుకొనేవారు. సాముగరిడీలకూ, కుస్తీకీ తాలింఖానాలు ఉండేవి. చెరువులో ఈత, చెట్లెక్కడం, కాలినడకన బడికి పోయి రావడం తెలియకుండానే దేహానికి వ్యాయామాన్ని అందించేవి. కాలక్రమంలో వీథులు వాహనాలతో నిండిపోయాయి. ఖాళీ స్థలాలు కట్టడాలయ్యాయి. బహుళ అంతస్తుల భవనాలలో నడిచే కళాశాలలు కొన్నింటికి ఆటస్థలమే లేదు.

పదవ తరగతి ముగియగానే విద్యార్థి దినచర్య ఒక్కసారిగా మారిపోతుంది. తెల్లవారుజామున మొదలైన తరగతులు రాత్రి పొద్దుపోయే వరకు సాగే స్టడీ అవర్లతో ముగుస్తాయి. వారం వారం పరీక్షలు, వాటి వెంట మార్కుల పట్టికలు వస్తాయి. వృత్తివిద్యా ప్రవేశపరీక్షలో ర్యాంకు అన్నది ఇంటిల్లిపాది ధ్యాసగా మారుతుంది. పాఠశాల జట్టులో ఆడిన బాలుని బ్యాటు అటకెక్కుతుంది. పరుగు పందేలలో బహుమతులు తెచ్చిన బాలిక బూట్లు మంచం క్రిందికి చేరుతాయి. "ఈ రెండేళ్ళు ఓపిక పట్టు, ఆ తరువాత ఎంతైనా ఆడుకోవచ్చు" అనే మాట అనేక గృహాలలో వినిపిస్తుంది.

ఆ మాట వెనుక ఉన్నది ప్రేమయే. కాని దేహం పెరిగే క్రమానికి వాయిదాలు లేవు. మనిషి ఎముకల పటుత్వంలో అధికభాగం ఇరవై యేండ్ల వయస్సు నాటికే సమకూరుతుంది. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు శ్రమకు అలవాటుపడి బలం పుంజుకొనే వయస్సు కూడా ఇదే. క్రీడారంగ నియమాలు సైతం కాలంతో ముడిపడినవే. భారత పాఠశాల క్రీడల సమాఖ్య నిర్వహించే పోటీలలో ఇంటర్మీడియట్ విద్యార్థులు సాధారణంగా 19 సంవత్సరాల లోపు విభాగంలో పాల్గొంటారు. ఆ వయస్సు దాటిన తరువాత ఆ వాకిలి తిరిగి తెరచుకోదు. ప్రవేశపరీక్షను మరుసటి సంవత్సరం మరల వ్రాయవచ్చును. పదిహేడేళ్ళ వయస్సును మరల పొందడం ఎవరి తరమూ కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం 5 నుండి 17 సంవత్సరాల వయస్సు గలవారికి దినానికి సగటున 60 నిమిషాల చురుకైన శారీరకశ్రమ అవసరం. వారానికి కనీసం మూడు దినాలు గుండె వేగంగా కొట్టుకొనే తీవ్రవ్యాయామం కూడా ఉండాలి. అదే సంస్థ పరిశోధకులు 2016 నాటి సమాచారాన్ని పరిశీలించి, ప్రపంచంలో 11 నుండి 17 సంవత్సరాల వయస్సు గలవారిలో 81 శాతం మందికి ఈ మాత్రపు వ్యాయామమైనా లేదని 2019లో తెలిపారు. బాలురలో ఇది 78 శాతం, బాలికలలో 85 శాతం. దినానికి ఇరవై నాలుగు గంటలున్నవి. వాటిలో ఒక్క గంట దేహానికి కేటాయించడం చదువుకు ద్రోహం కానేరదు. మైదానంలో శ్రమించిన విద్యార్థికి ఆకలి వేళకు వేస్తుంది, నిద్ర గాఢంగా పడుతుంది. ఈ వయస్సువారికి రాత్రి 8 నుండి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. చక్కగా నిద్రించి లేచినవాని చదువుకూ, కునికిపాట్లు పడుతూ పుటలు త్రిప్పేవాని చదువుకూ ఉన్న భేదం అధ్యాపకులకు సులభంగానే తెలుస్తుంది.

దేహబలం కంటే సూక్ష్మమైన ప్రయోజనం మరొకటి ఉన్నది. ఓటమిని ఎదుర్కొనే అభ్యాసం మైదానంలో లభించినంతగా మరెక్కడా లభించదు. తరగతి గదిలో తక్కువ మార్కులు వచ్చిన విద్యార్థి కాగితాన్ని మడిచి దాచుకొంటాడు. ఆటలో ఓటమి అందరి ఎదుట జరుగుతుంది. దాచుకొనే వీలు లేదు. ఓడినవాడు గెలిచినవానితో కరచాలనం చేయాలి. మరునాడు ఉదయం మరల అదే మైదానానికి రావాలి. ఇట్లా పదిసార్లు ఓడి పదకొండవసారి నిలబడినవానికి ఓటమి ఒక సంఘటనగా కనిపిస్తుంది; జీవితాంతంగా కనిపించదు. పరీక్షాఫలితాలు వెలువడిన దినాలలో కొందరు విద్యార్థులు తీవ్రనిర్ణయాలు తీసుకొన్నారన్న వార్తలు ప్రతి సంవత్సరం మనస్సును కలచివేస్తున్నాయి. ఆ విషాదాలకు కారణాలు అనేకం. ఒక్క ఆటతోనే అవన్నీ తొలగిపోతాయనడం సాహసం అవుతుంది. అయినప్పటికీ ఓడి లేచే అలవాటును చిన్ననాటనే నేర్పే విద్య ఎంత అవసరమో ఆ వార్తలు గుర్తుచేస్తూనే ఉన్నాయి.

ఈ సత్యానికి పూసర్ల వెంకట సింధు జీవితం చక్కని నిదర్శనం. 2016లో రియో ఒలింపిక్స్ అంతిమపోటీలో ఆమె తొలి గేమ్ గెలిచి కూడా స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్ చేతిలో ఓడి రజతంతో సరిపెట్టుకొన్నది. 2017 ప్రపంచ పోటీల అంతిమసమరంలో జపాన్‌కు చెందిన నొజోమి ఒకుహరాతో దాదాపు రెండు గంటలు పోరాడి స్వల్పతేడాతో ఓడిపోయింది. 2018లో మరల అంతిమపోటీకి చేరి మరల ఓడింది. 2019లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో అదే ఒకుహరాను 21–7, 21–7 తేడాతో ఓడించి, బ్యాడ్మింటన్‌లో ప్రపంచ విజేతగా నిలిచిన తొలి భారతీయ క్రీడాకారిణి అయింది. ఆ మూడు ఓటములలో ఏ ఒక్కదాని వద్దనైనా ఆమె ఆగిపోయి ఉంటే నాలుగవసారి గెలుపు దక్కేది కాదు.

ఆట సంఘజీవనాన్ని కూడా నేర్పుతుంది. కబడ్డీ కూతకు వెళ్ళినవాడు ఔటైతే తోటివాడు పాయింటు తెచ్చి అతనిని మరల బరిలోకి రప్పిస్తాడు. వాలీబాల్‌లో బంతిని తాకినవాడే వెంటనే రెండవసారి తాకరాదు. తోటివానికి అందించక తప్పదు. ఇట్లా ఆటనియమాలలోనే పరస్పర సహకారం ఇమిడి ఉన్నది. జట్టులో చేరినవానిని కులం, మతం, ఆస్తి అడిగేవారుండరు. రెఫరీ నిర్ణయం తనకు ప్రతికూలమైనా శిరసావహించడం వలన చట్టం పట్ల గౌరవం అలవడుతుంది. పౌరశాస్త్ర గ్రంథాలలో చదివిన సమానత్వం మైదానంలో అనుభవంలోకి వస్తుంది.

అయితే ఇన్ని మేలులు చేకూర్చే ఆట విద్యార్థికి అందాలంటే కళాశాల తన వంతు బాధ్యత నిర్వహించాలి. మన విద్యావ్యవస్థలో క్రీడలకు క్రమబద్ధమైన సోపానం ఉన్నది. జూనియర్ కళాశాల విద్యార్థి మండల, జిల్లా, రాష్ట్రస్థాయి పోటీలను దాటి జాతీయ పాఠశాల క్రీడలకు చేరవచ్చు. డిగ్రీలో చేరిన పిదప అంతర్ కళాశాల పోటీలు, విశ్వవిద్యాలయ జట్టు, అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు వరుసగా ఎదురవుతాయి. 2020లో ఒడిశాలో ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు మొదలైనవి. ఈ సోపానంలో పైమెట్టు ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలు. 2023లో చైనాలోని చెంగ్డూలో జరిగిన ఆ క్రీడలలో భారత విద్యార్థులు 26 పతకాలు సాధించారు.

ఆ పతకాలలో ఒకటి విశాఖపట్టణానికి చెందిన యర్రాజి జ్యోతిది. ఆమె తండ్రి కాపలాదారు. తల్లి ఇళ్ళలో, ఆసుపత్రిలో పనిచేసి సంసారాన్ని నడిపింది. పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడు ఆ బాలిక పొడవును, చురుకుదనాన్ని గుర్తించి హర్డిల్స్ వైపు మళ్ళించాడు. 2020లో కర్ణాటకలోని మూడబిద్రిలో జరిగిన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలలో ఆమె 100 మీటర్ల హర్డిల్స్‌ను అప్పటి జాతీయ రికార్డు కంటె తక్కువ సమయంలో పూర్తిచేసింది. కాని ఉత్ప్రేరక పరీక్ష మొదలైన నిబంధనలు అక్కడ నెరవేరనందున అది రికార్డుగా నమోదు కాలేదు. 2022 ఏప్రిల్‌లో మరొకసారి అట్లాగే పరుగెత్తగా, వెనుకగాలి వేగం అనుమతించిన పరిమితికి కొద్దిగా మించినందున ఆ ఫలితమూ చెల్లలేదు. ఆమె నిరాశపడక 2022 మేలో సైప్రస్‌లో 13.23 సెకన్లలో పరుగు ముగించి, 2002 నుండి నిలిచియున్న జాతీయ రికార్డును అధిగమించింది. చెంగ్డూలో 12.78 సెకన్లతో కాంస్యం గెలుచుకొన్నది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌లో పాల్గొన్న తొలి భారతీయురాలుగా నిలిచింది. నియమం తన శ్రమను రెండుసార్లు కాదన్నప్పుడు నియమాన్ని నిందించక మూడవసారి పరుగెత్తడమే ఆమె కథలోని నీతి.

కళాశాల విద్యతో పాటు ఆటను కొనసాగించినవారు మరికొందరున్నారు. హైదరాబాదులోని ఏ.వి. కళాశాలలో చదివిన పుల్లెల గోపీచంద్ 1990, 1991 సంవత్సరాలలో భారత విశ్వవిద్యాలయాల సంయుక్త బ్యాడ్మింటన్ జట్టుకు నాయకత్వం వహించాడు. 1994లో మోకాలికి తగిలిన తీవ్రమైన గాయం అతని క్రీడాజీవితాన్నే ప్రశ్నార్థకం చేసింది. శస్త్రచికిత్సల అనంతరం తిరిగి సాధన చేసి 2001లో ఆల్ ఇంగ్లండ్ విజేత అయ్యాడు. 1980లో ప్రకాశ్ పదుకొనే తరువాత ఆ ఘనత పొందిన భారతీయుడు అతడే. నిజామాబాదు నుండి వచ్చిన బాక్సర్ నిఖత్ జరీన్ సైతం అదే ఏ.వి. కళాశాలలో డిగ్రీ చదివింది. ఆమె 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో న్యూఢిల్లీలోను ప్రపంచ విజేతగా నిలిచింది. హాజరు, పరీక్షల విషయంలో కళాశాల చూపే కొద్దిపాటి సానుభూతి క్రీడాకారునికి ఎంతో ఊరట. కళాశాలలో ఒక వ్యాయామ అధ్యాపకుడు, చదునుచేసిన ఒక మైదానం, కాలపట్టికలో ఒక గంట, బాలికలకు దుస్తులు మార్చుకొనే గది, త్రాగునీరు ఉంటే చాలు, ఎక్కువమంది విద్యార్థులకు ఆట అందుబాటులోకి వస్తుంది.

కళాశాల ఎన్ని వసతులు కల్పించినా, విద్యార్థి మైదానానికి చేరాలంటే ముందుగా ఇంటి గడప దాటాలి. ఆ గడప వద్ద అనుమతి ఇచ్చేది తల్లిదండ్రులు. వారి తోడ్పాటు ఒక్క రూపంలో ఉండదు.

మొదటిది నమ్మకం. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి బరువులెత్తే విద్యపై మక్కువ చూపినప్పుడు, ఈ సన్నని పిల్ల ఇంతటి బరువులు ఎత్తగలదా అని ఇతరులు సందేహించారు. తల్లి సందేహించలేదు. కుమార్తెకు ధైర్యం చెప్పి, ఆహారం అమర్చి, సాధన సాగనిచ్చింది. మల్లీశ్వరి 1994, 1995 సంవత్సరాలలో ప్రపంచ విజేత అయింది. మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌ను ఒలింపిక్స్‌లో తొలిసారి ప్రవేశపెట్టిన 2000 సిడ్నీ క్రీడలలో 110, 130 మొత్తం 240 కిలోగ్రాములు ఎత్తి కాంస్యం సాధించింది. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమెయే.

రెండవది కాలం. సింధు తల్లిదండ్రులు ఇరువురూ వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన భారత జట్టు సభ్యుడు. 2000లో అర్జున పురస్కారం అందుకొన్నవాడు. కుమార్తె తమ ఆటను గాక బ్యాడ్మింటన్‌ను ఎంచుకొన్నప్పుడు వారు అడ్డు చెప్పలేదు. నగరంలో ఎంతో దూరాన ఉన్న శిక్షణకేంద్రానికి తెల్లవారకముందే ఆమెను చేర్చారు. రియో క్రీడలకు ముందు ఆమె సాధనను వెన్నంటి ఉండడానికి తండ్రి ఉద్యోగానికి నెలల తరబడి సెలవు పెట్టాడు. తమ కోరికను బిడ్డపై రుద్దకుండా, బిడ్డ కోరిక కోసం తమ కాలాన్ని వెచ్చించిన తల్లిదండ్రులు వారు.

మూడవది లోకుల మాటకు జంకని ధైర్యం. నిఖత్ తొలుత పరుగు పందేలలో పాల్గొనేది. మైదానంలో బాక్సింగ్ నేర్చుకొనే బాలికలు ఎందుకు లేరన్న ప్రశ్న ఆమెను ఆ ఆట వైపు నడిపింది. స్వయంగా క్రీడాకారుడైన తండ్రి తొలి శిక్షకుడయ్యాడు. ముఖానికి దెబ్బలు తగిలితే పెళ్ళి ఎట్లా అవుతుందని తల్లి బెంగపడింది. బంధువులు, ఇరుగుపొరుగువారు అమ్మాయికి ఈ ఆట ఎందుకని ఆక్షేపించారు. తండ్రి ఆ ఆక్షేపణలను తానే భరించి, కుమార్తెను సాధనపైనే దృష్టి నిలుపుమన్నాడు. కాలక్రమాన తల్లి భయమూ గర్వంగా మారింది.

నాలుగవది కష్టకాలంలోనూ వీడని అండ. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన జీవంజి దీప్తికి పుట్టుకతోనే మేధోపరమైన వైకల్యం ఉన్నది. ఊరివారు కొందరు ఆ పసిపిల్లను చూసి సూటిపోటి మాటలన్నారు. ఎక్కడైనా విడిచిరమ్మని సలహా చెప్పినవారూ ఉన్నారు. కూలిపని చేసుకొనే తల్లిదండ్రులు ఆ మాటలను పెడచెవిని పెట్టి బిడ్డను కడుపులో పెట్టుకొని సాకారు. వ్యాయామోపాధ్యాయుడు ఆమె పరుగులోని వేగాన్ని గుర్తించాడు. 2024లో జపాన్‌లోని కోబెలో 400 మీటర్ల పరుగును 55.07 సెకన్లలో ముగించి ఆమె తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే సంవత్సరం పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. అంతకుముందు 2023లో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడలలో స్వర్ణం సాధించినందుకు లభించిన ధనంతో, ఇల్లు గడవక ఒకనాడు అమ్ముకొన్న పొలాన్ని ఆ కుటుంబం తిరిగి కొనుగోలు చేసింది.

ఈ నాలుగు ఇండ్లలో కలిగినవారున్నారు, లేనివారున్నారు. క్రీడానుభవం గల తల్లిదండ్రులున్నారు, ఆటనియమాలే తెలియనివారున్నారు. కాబట్టి తోడ్పాటు అన్నది ధనంతో మాత్రమే కొలవదగినది కాదని స్పష్టమవుతున్నది. వేకువనే లేచి కట్టి ఇచ్చిన సద్దిమూట, ఓడి వచ్చిన రాత్రి అడగకుండా వడ్డించిన అన్నం, "రేపు వెళ్తావుగా" అన్న ఒక్క మాట కూడా తోడ్పాటే.

ఇక్కడ తల్లిదండ్రుల పక్షాన ఒక న్యాయమైన ప్రశ్న ఉదయిస్తుంది. ఆటలాడే లక్షలాదిమందిలో పతకాలు సాధించేవారు కొద్దిమందే గదా! మిగిలినవారి బ్రతుకుతెరువు మాటేమిటి? గాయమైతే దిక్కెవరు? అప్పు చేసి కళాశాల రుసుము చెల్లించిన తండ్రి ఈ ప్రశ్న అడిగితే దానిని సంకుచితత్వం అనరాదు. క్రీడా కోటా వలన కొందరికి వృత్తివిద్యలో ప్రవేశాలు, రైల్వే, పోలీసు మొదలైన శాఖలలో ఉద్యోగాలు లభిస్తున్న మాట నిజమే. కాని అవి పరిమితమైనవి. ఆటను నమ్మి చదువును పూర్తిగా విడిచిపెట్టడం వివేకం కాదు. సింధు, నిఖత్ వంటివారు సైతం ఆటతో పాటు కళాశాల చదువును కొనసాగించారన్న సంగతి మరువరాదు.

అసలు సమాధానం వేరొకచోట ఉన్నది. పతకం ఆటకు పరమార్థం అయితే, ఓడిన లక్షలమంది శ్రమ వ్యర్థమనవలసి వస్తుంది. వాస్తవానికి మైదానం ఇచ్చే ఫలాలలో పతకం అరుదైనది మాత్రమే. ఆరోగ్యం, గాఢనిద్ర, సహనం, కలిసి పనిచేసే నేర్పు, ఓడి లేవగల స్థైర్యం అనే ఫలాలు ఆడిన ప్రతివానికి అందుతాయి. జట్టులో పన్నెండవవాడుగా కూర్చొని నీళ్ళు అందించినవానికీ అవి అందుతాయి. అతడు రేపు ఉపాధ్యాయుడైనా, రైతయినా, వైద్యుడైనా ఆ గుణాలు అతని వెంట నడుస్తాయి. అందువలన తల్లిదండ్రుల తోడ్పాటు ప్రతిభావంతుల బిడ్డలకు మాత్రమే పరిమితం కారాదు. ఎన్నడూ బహుమతి తేని బిడ్డకు ఆ తోడ్పాటు అవసరం మరింత ఎక్కువ.

తోడ్పాటు హద్దు మీరితే భారమవుతుంది. తాము నెరవేర్చుకోలేని కలలను బిడ్డ భుజాలపై మోపేవారు కొందరు. ఓడినప్పుడు పదిమందిలో నిందించేవారు, తోటి క్రీడాకారునితో పోల్చి చులకన చేసేవారు మరికొందరు. పసితనంలో గెలుపు కోసం వయస్సు తక్కువగా చూపించడం, నిషిద్ధ ఔషధాల వైపు చూడడం ఆట మూలసూత్రాన్నే ధ్వంసం చేస్తాయి. నిజాయితీతో ఓడిన బిడ్డను గౌరవంగా ఇంటికి తీసుకువచ్చే తల్లిదండ్రులే ఆటకు నిజమైన రక్షకులు. మొక్కకు నీరు పోయడం అవసరమే. త్వరగా పెరగాలని పైకి లాగితే అది వేరుతో సహా వస్తుంది.

విద్యార్థికీ కొన్ని కర్తవ్యాలున్నాయి. ఆట పేరు చెప్పి కాలహరణం చేయరాదు. ఆడిన గంటకు సరిసమానమైన నిష్ఠతో చదువు గంటను గడపాలి. సెల్‌ఫోను తెరపై వ్రేళ్ళు కదపడం క్రీడాభ్యాసం కాదని గ్రహించాలి. ఎక్కడికి పోతున్నదీ, ఎప్పుడు వచ్చేదీ ఇంట్లో నిజాయితీగా చెప్పాలి, గాయాన్ని దాచరాదు. తన చదువు దెబ్బతినలేదని మార్కులతో, తన నడవడి చెడలేదని వర్తనతో చూపించినప్పుడు తల్లిదండ్రుల భయం క్రమంగా సడలుతుంది. నమ్మకం ఉభయులూ కలిసి కట్టుకొనే ఇల్లు.

నేడు ర్యాంకుల ప్రకటన దినాన కళాశాల ప్రాంగణం తల్లిదండ్రులతో కిక్కిరిసిపోతుంది. వార్షిక క్రీడోత్సవాల దినాన అదే ప్రాంగణంలో వారికై వేసిన కుర్చీలు చాలావరకు ఖాళీగా మిగులుతాయి. ఆ కుర్చీలు నిండితే పందెంలో చివరగా వచ్చిన విద్యార్థి కూడా గీత దాటేవరకు పరుగు ఆపడు. అతని కోసం చప్పట్లు కొట్టేవారు అక్కడ ఉన్నారని అతనికి తెలుసు.

పదాలు – అర్థాలు

కౌశలం : నేర్పు
సూతుడు : రథసారథి
పటుత్వం : గట్టితనం
తాలింఖానా : సాము, వ్యాయామం చేసే స్థలం
సోపానం : మెట్లవరుస
ఉత్ప్రేరకం : శక్తిని కృత్రిమంగా పెంచే పదార్థం
శిరసావహించు : వినయంతో అంగీకరించు
ఆక్షేపించు : తప్పుపట్టు
స్థైర్యం : చలించని గుణం
కాలహరణం : కాలం వృథా చేయడం

సంధులు

ద్రోణాచార్యుడు = ద్రోణ + ఆచార్యుడు – సవర్ణదీర్ఘ సంధి
ప్రత్యేకం = ప్రతి + ఏకం – యణాదేశ సంధి
క్రీడోత్సవం = క్రీడా + ఉత్సవం – గుణ సంధి
ఒక్కొక్కరు = ఒక్కరు + ఒక్కరు – ఆమ్రేడిత సంధి

సమాసాలు

తల్లిదండ్రులు – తల్లియును, తండ్రియును – ద్వంద్వ సమాసం
క్రీడారంగం – క్రీడల యొక్క రంగం – షష్ఠీ తత్పురుష సమాసం
రెండేళ్ళు – రెండు సంఖ్య గల ఏళ్ళు – ద్విగు సమాసం
అభిషేకజలం – అభిషేకం కొరకు జలం – చతుర్థీ తత్పురుష సమాసం

ప్రశ్నలు

(అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఇంటర్మీడియట్ దశలో క్రీడల ఆవశ్యకతను పాఠం ఆధారంగా వివరించండి.
2. క్రీడాకారుల విజయాలలో తల్లిదండ్రుల పాత్రను సోదాహరణంగా తెలపండి.

(ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. అస్త్రవిద్యాప్రదర్శన ఘట్టం ద్వారా తెలిసే విషయమేమిటి?
2. యర్రాజి జ్యోతి రికార్డు ప్రయత్నాలను గురించి వ్రాయండి.
3. హద్దు మీరిన తోడ్పాటు వలన కలిగే అనర్థాలేవి?

(ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఎవరు?
2. సింధు ప్రపంచ విజేతగా నిలిచిన సంవత్సరం ఏది?
3. గోపీచంద్, నిఖత్ జరీన్ చదివిన కళాశాల ఏది?